కరెంటు లేని రాత్రి కావలి
(ఫరంపేటలో తెలుగు కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన యానాము గోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువనున్న ఊరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును ఇచ్చటి కుటుంబములు మరువలేదు. 2022 జూలైలో గోదావరి వరదనీరు మన వీధులలోనికి వచ్చినది. అట్టి దినములందు కరెంటు పోవును. ఇంటికిని, కొట్టుకును తాళము వేసి మెరకకు పోవలసివచ్చును. దొంగ కోరునదియు ఆ రెండే. అలారము పెట్టించుకొనునపుడు వెలను, సైరను మోతను విచారింతుముగాని లోపలి బ్యాటరీని గూర్చి అడుగము. కరెంటుతోపాటు అలారమును మూగవోయినచో, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందమే యగును.

బ్యాటరీ లెక్క వర్తకులకు కొత్తది కాదు. రోజు వాడకమెంత, సరకు రాని దినములెన్ని, నిలువ యెంత యుండవలెను అనునదే ఆ లెక్క. 12 వోల్టుల అలారము పెట్టె, దాని సెన్సరులు కలిసి ఊరకున్నపుడు ఆంపియరులో పదవవంతు తీసికొనుననుకొందము. 24 గంటలకు 2.4 ఆంపియర్ అవరులు. సైరను మ్రోగునపుడు మొత్తము 1 ఆంపియరు చొప్పున అరగంటకు 0.5. వెరసి 2.9. బ్యాటరీ పాతబడిన కొలది శక్తి తగ్గును గనుక నాల్గవవంతు కలుపగా సుమారు 3.6. ఒక దినమునకు బజారులో దొరకు 7 ఆంపియర్ అవరుల బ్యాటరీ ధారాళముగా చాలును. తుఫానును తలచి మూడు దినములకు లెక్కించినచో సుమారు 9.6 కావలెను, అప్పుడు 7 చాలదు. మీ పెట్టె వాడకమెంతయో, దాని చార్జరు ఎంత పెద్ద బ్యాటరీని నింపగలదో దానితో వచ్చిన పుస్తకమున చూడుడు; లేదా మెకానిక్కుచే మీటరుతో కొలిపించుడు.

కలుపునపుడు ముందుగా మెయిన్ కరెంటు ఆపవలెను. ఎర్ర తీగ ప్లస్సునకు, నల్ల తీగ మైనస్సునకు. తారుమారైనచో ఫ్యూజు పోవును, పెట్టెయు చెడవచ్చును. రెండు బ్యాటరీలు పెట్టవలసివచ్చినచో ఒకే రకము, ఒకే వయస్సు గలవి తీసికొని, ప్లస్సును ప్లస్సుతోను, మైనస్సును మైనస్సుతోను కలుపవలెను. ఒకదాని ప్లస్సును రెండవదాని మైనస్సుతో వరుసగా కలిపినచో 24 వోల్టులై పెట్టె మాడిపోవును. గాజులు, ఉంగరములు, స్పానర్లు రెండు కొనలకు ఒక్కసారి తగులనీయరాదు.

ఉప్పుగాలికి కొనలు చిలుము పట్టును. ఎండవేడికి బ్యాటరీ ఆయువు తరుగును. కావున నెలకొకమారు మెయిన్ ఆపి, సైరనును కొంతసేపు మ్రోగించి చూడుడు. మూడు నాలుగేండ్లకు మార్చుడు. పాతదానిలో సీసమున్నది, చెత్తలో పారవేయక దుకాణమునకు తిరిగి ఇండు.

మన పిల్లలు పలువురు దూరదేశములలో నుండగా వృద్ధులు ఒంటరిగా నున్న ఇండ్లు మన పేటలో కలవు. మెట్లెక్కి ఆ పెట్టె తెరచుట వారికి సాధ్యము కాదు. ప్రతి సంవత్సరము అక్టోబరునకు ముందు, వీధికి ఇద్దరు యువకులు ఆ ఇండ్లకు పోయి బ్యాటరీలను పరీక్షింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పినదే మరల మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాము.