ఈతయు, కంటిలోని ఒత్తిడియు

నడుమునకు బెండ్లు కట్టుకొని బావులలోను కాలువలలోను ఈత నేర్చినవారు శ్రోతలలో పెక్కురు కలరు. నేటి పిల్లలు పట్టణములలోని ఈతకొలనులలో దిగునపుడు కన్నులకు గాగుల్సు ధరించుచున్నారు. మందు కలిపిన నీరు సోకి కన్నులు మండకుండ ఇవి కాపాడును. కాని ఇవి కంటిలోని ఒత్తిడిని పెంచునా, నీటికాసులున్నవారు ఈత మానవలెనా అని మమ్ము పలువురు అడుగుచుందురు.

కనుగ్రుడ్డులో స్వచ్ఛమైన ద్రవ మొకటి నిరంతరము ఊరుచు, జల్లెడవంటి సన్నని మార్గమున వెలికి పోవుచుండును. ఈ రాకపోకల పొందికవలన కంటిలో కొంత ఒత్తిడి నిలుచును. పాదరసపు కొలతలో అది సామాన్యముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు ఉండును. కంటినరము ఓర్వలేనంత ఒత్తిడి చిరకాలము నిలిచినచో నీటికాసులు, అనగా గ్లాకోమా, కలుగును. సాధారణముగా నొప్పి లేకయే మొదట ప్రక్కచూపు తగ్గును. పోయిన చూపు మరల రాదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు నేత్రవైద్యులు 2008లో ప్రకటించిన పరిశోధనలో, గాగుల్సు ధరించియున్నపుడు ఈ ఒత్తిడి సగటున 4.5 మిల్లీమీటర్లు హెచ్చినట్లు తేలినది. గాగుల్సు చిన్నవైనకొలది పెరుగుదల ఎక్కువ. పెద్దవాని అంచు కంటిగుంట చుట్టునున్న ఎముకపై ఆనును. చిన్నవాని అంచు లోపలి మెత్తని భాగమును నొక్కును. తీసివేసిన పిమ్మట ఒత్తిడి తగ్గును.

కావున ఆరోగ్యవంతులు భయపడ నక్కరలేదు. ఈత మంచి వ్యాయామము. అట్టి వ్యాయామము పిదప కంటి ఒత్తిడి కొంతసేపు తగ్గుట కూడ కలదు. నీటికాసులున్నవారు, అందులకై శస్త్రచికిత్స పొందినవారు మాత్రము తమ వైద్యుని అడిగిన పిమ్మటనే నీటిలో దిగవలెను. కంటిచుక్కల మందును ఎన్నడును మానరాదు.

గాగుల్సు కొనునపుడు వెడల్పైనవి, అంచు మెత్తనివి ఎంచుకొనుడు. పట్టీని నీరు చొరకుండునంత మాత్రమే బిగింపుడు. తీసిన పిమ్మట కన్నులచుట్టు లోతైన ఎఱ్ఱని గుర్తులు మిగిలినచో బిగింపు ఎక్కువైనదని గ్రహింపుడు.

లోతునకు మునుగువారికి ఇవి పనికిరావు. ప్రతి 10 మీటర్ల లోతునకు నీటి ఒత్తిడి ఒక వాయుమండలపు ఒత్తిడియంత పెరుగును. ముక్కును కూడ కప్పు ముసుగైనచో ముక్కుతో గాలి వదలి లోపలి ఒత్తిడిని సరిచేసికొనవచ్చును. గాగుల్సులో ఆ వీలు లేనందున కన్నులు పీల్చబడి, తెల్లగ్రుడ్డుపై నెత్తురు క్రమ్మవచ్చును.

నలువది యేండ్లు దాటినవారును, ఇంటిలో ఎవరికైన నీటికాసులున్నవారును కంటి ఒత్తిడిని, కంటినరమును పరీక్ష చేయించుకొనవలెను. ఆ పరీక్ష కొద్ది నిమిషముల పని.