సంతకం ఎవరిది?



పట్టాలు అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులారా, మీలో చాలామంది రేపు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల్లో, గూడేల్లో పనిచేస్తారు. కరోనా టీకా వేయడానికి వెళ్తే తలుపులు వేసుకున్న ఇళ్లు అక్కడ కనబడ్డాయి. ఆ టీకాల్లో ఒకటి మన హైదరాబాద్‌లో తయారైందే, అయినా జంకారు. వాళ్లకు తెలివి లేదని తేల్చేసినవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. జంకడానికి కారణాలున్నాయి.

2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి తలపెట్టిన పని అది. హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు వాళ్లలో ఎందరో. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ చెప్పింది. అయితే అంగీకార పత్రాలు తీసి చూస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! మరో 1,948 మీద వేలిముద్రలు. ముద్ర వేసే ముందు ఆ కాగితంలో ఏముందో ఆ తల్లికి ఎవరు చదివి వినిపించారు? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా. నా బాధ కూడా అందుకే. అడగకుండా వేసి మంచి మందుకు చెడ్డపేరు తెచ్చాం.

ఇలా నమ్మకం పోవడం మన దగ్గరే కాదు. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన నల్లజాతి పేదలకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, మందివ్వకుండా రోగం ఎటు పోతుందో గమనిస్తూ ఉండిపోయారు. కరోనా టీకా వచ్చినప్పుడు అక్కడి నల్లజాతివాళ్లు ఎందరో ఆ సంగతే గుర్తుచేసుకున్నారు.

ఆసుపత్రి అందుబాటులో లేకపోవడం కూడా చిన్న కష్టం కాదు. 2021 మేలో నల్గొండ జిల్లా కొత్తనందికొండలో కరోనా సోకిన ఒక విద్యార్థి, ఇంట్లో విడిగా ఉండే వీలు లేక, చెట్టు కొమ్మలకు వెదురు మంచె కట్టుకొని 11 రోజులు దానిమీదే ఉన్నాడు. కష్టంలో కనబడని ఆసుపత్రి సూది పట్టుకొని వస్తే ఎవరు నమ్ముతారు?

తన పంట మీద దొర పెత్తనమేమిటని నిలదీసిన చాకలి ఐలమ్మ ఊరు ఈ పాలకుర్తి. తన బిడ్డ ఒంటికి వేసే సూది గురించి ప్రశ్నించే తల్లికి కూడా అంతే హక్కుంది. ఆమె అడిగితే విసుక్కోకండి. పత్రం ఆమె భాషలో చదివి వినిపించండి. వద్దంటే ఆ రోజుకు తిరిగి రండి, మళ్లీ వెళ్లండి. ఆమె బదులు ఇంకొకరి సంతకం మాత్రం తీసుకోకండి.