ఫీజు మాఫీ డబ్బు ఎక్కడిది?



ఊళ్లో ఒక అమ్మాయి ఇంజనీరింగులో చేరింది. "ఫీజు మాఫీ అయిందంట" అని పక్కింటావిడ చెప్పింది. మాఫీ మంచి మాట. వింటే చల్లగా ఉంటుంది. కాని ఫీజు ఎక్కడికీ పోలేదు. ఆ అమ్మాయికి బదులు సర్కారు కడుతుంది. అందుకే దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ అని పేరు. పలకడం కష్టమే, అర్థం మాత్రం సులువు. తిరిగి చెల్లించడం.

ఎస్సీ, ఎస్టీ పిల్లలకు స్కాలర్‌షిప్పులు చాలా కాలంగా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఈ పథకాన్ని బాగా పెంచింది. బీసీ పిల్లలకూ, ఇతర కులాల పేద పిల్లలకూ ఫీజు ఇచ్చింది. కూలికి పోయే ఇళ్లలోంచి పిల్లలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కారు. ఇది చిన్న సంగతి కాదు.

మరి ఖర్చెంత? లెక్క చూడండి. ఒక క్లాసులో 60 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఏడాదికి 35,000 రూపాయలు. 60 మందికి 21 లక్షలు. నాలుగేళ్లకు 84 లక్షలు. ఇది ఒక్క క్లాసుకే!

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఊరికి ఆర్టీసీ బస్సు వస్తుంది. సీట్లు నిండినా, ఖాళీగా ఉన్నా డీజిల్ దాదాపు అంతే కాలుతుంది. ఖాళీ సీట్లో ఒకరిని తక్కువ టికెట్టుకు ఎక్కించుకుంటే నష్టం లేదు. రోజూ పూర్తి టికెట్టు కొనేవాళ్లకు కూడా తగ్గిస్తే మాత్రం నష్టమే. సర్కారు కాలేజీ ఆ బస్సు లాంటిది. భవనం ఉంది, సార్లకు జీతం ఎలాగూ ఇవ్వాలి. ఖాళీగా ఉన్న సీట్లలో ఐదుగురు చేరితే ఖర్చు పెద్దగా పెరగదు. ప్రైవేటు కాలేజీ తలకింత అని కిరాయి తీసుకునే ఆటో. ఎంతమంది ఎక్కితే అన్ని కిరాయిలు సర్కారు కట్టాలి.

ఆటోలు పెరిగాయి. కొన్నేళ్లకే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. కొన్నింట్లో చదువు బాగుంది. కొన్నింట్లో సార్లు చాలరు, ల్యాబు పేరుకే. ఖర్చు మోయలేక 2012లో సర్కారు హద్దు పెట్టింది. 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ఆ పైన ర్యాంకు వచ్చిన బీసీ, పేద పిల్లలకు 35,000 వరకే. మిగతాది ఇంట్లోవాళ్లు కట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పూర్తి ఫీజు కొనసాగింది.

సర్కారుకు డబ్బు ఎక్కడిది? సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా అందులో పన్ను ఉంది. మద్యం మీద వచ్చేది మరీ ఎక్కువ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాలు దిద్దిన చేతులతోనే సారాను తరిమారు. 1995లో మద్యనిషేధం వచ్చింది. ఖజానా ఖాళీ అవుతోందని 1997లో దాన్ని సడలించారు. సర్కారు డబ్బుకు ఇలాంటి చిక్కులు కూడా ఉంటాయి.

ఖజానాలో డబ్బు లేకపోతే ఫీజు బకాయి పడుతుంది. చదువు అయిపోయినా "ముందు ఫీజు కట్టండి, తర్వాత సర్టిఫికెట్" అనే కాలేజీలున్నాయి. అప్పుడు తల్లి 20,000 అప్పు తెస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 600. పది నెలలకు 6,000. సర్కారు ఆలస్యం చేస్తే వడ్డీ ఆమె నెత్తిన పడింది! ఈ ఖర్చు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పేరుతో ఫీజును తల్లుల ఖాతాల్లోనే వేశారు. తల్లి వెళ్లి కాలేజీలో కట్టాలి. ఆ వంకన అడిగే వీలు తల్లికి వచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీలకే ఇస్తామంది. తెలంగాణలో బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి సమ్మె చేశాయి.

కాబట్టి పిల్లను చేర్చే రోజునే మూడు అంకెలు అడగండి. మొత్తం ఫీజు ఎంత? సర్కారు ఇచ్చేది ఎంత? మనం కట్టేది ఎంత? బస్సు, హాస్టలు, పుస్తకాలు వేరుగా అడగండి. చెప్పిన అంకెల్ని కాగితం మీద రాయించుకోండి. కింద సంతకం, తేదీ ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి.