బాలలపై ఘాతుకములు: శాసనము, మన మౌనము

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను ప్రస్తావింపవలసిన విషయము చెవికింపైనది కాదు. బాలలపై జరుగు ఘోరాపరాధములను మన శాసనము లెట్లు విభజించి, యెట్లు దండించుచున్నవో చెప్పుమని మీరు కోరితిరి. న్యాయవాదిగా నెఱిగినంత మనవి చేసెదను.

మొదట గతము. 1860 నాటి శిక్షాస్మృతి పదియేండ్లు నిండిన భార్యయెడ భర్త చేయు బలాత్కారమును నేరముగా నెంచలేదు. 1890లో ఫూల్మణి యను బాలిక మరణవిషయము కలకత్తా న్యాయస్థానమునకు వచ్చెను. ఆమెకు పదియేండ్లు దాటినవి గనుక బలాత్కార నేరము వర్తింపలేదు. భర్త యొక్క సంవత్సరము కఠిన శిక్షతో బయటపడెను. ఆ కలవరమువలన 1891లో వయఃపరిమితి పండ్రెండేండ్లకు పెరిగినది. పరప్రభుత్వము మన యాచారములలో జోక్యము కలిగించుకొనరాదని తిలక్ మహాశయు డంతటివాడే దాని నెదిరించెను. 1949లో స్వతంత్ర భారతము సమ్మతి వయస్సును పదునాఱేండ్లకు పెంచెను. 2012లో పోక్సో యని వ్యవహరింపబడు శాసనము పదునెనిమిదేండ్లలోపు వారినందఱను, ఆడుబిడ్డయన మగబిడ్డయన భేదము లేక, బాలలుగా పరిగణించెను.

ఈ శాసనమునందు నేరములకు మెట్లున్నవి. అసభ్యపు వేధింపునకు మూడేండ్ల వఱకు శిక్ష. దురుద్దేశ స్పర్శకు మూడు మొదలు అయిదేండ్లు. వస్త్రముపై నుండి తాకిన నది యీ నేరము కాదని 2021 జనవరిలో బొంబాయి ఉన్నత న్యాయస్థానపు నాగపూరు ధర్మాసనము తీర్పు చెప్పగా, ఆ యేడే నవంబరులో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసి, చూడవలసినది దురుద్దేశమే యని తేల్చెను. బలాత్కారమునకు 2019 సవరణ పిమ్మట కనీసము పదియేండ్లు. బిడ్డ పదునాఱేండ్లలోపు దైనచో ఇరువదియేండ్లు.

అన్నిటికంటె పైమెట్టు చూడుడు. నేరము చేసినవాడు రక్షకభటుడో, ఉపాధ్యాయుడో, వైద్యశాల యుద్యోగియో, ధర్మసంస్థ నిర్వాహకుడో, రక్తసంబంధియో యైనను, లేక బిడ్డ పండ్రెండేండ్లలోపు దైనను, కనీసము ఇరువదియేండ్లు. మరణ దండనమునకును అవకాశము కలదు. కంచెయే చేను మేసినచో, బయటి పశువు మేసినదానికంటె నది గొప్ప దోషమని శాసనకర్తలు గ్రహించిరి. ఈ వర్గీకరణములోని ధర్మసూక్ష్మ మిదియే.

అయినను, శిక్ష పెరిగినంతమాత్రమున బిడ్డ రక్షింపబడునా? నేరము న్యాయస్థానపు గడప త్రొక్కననాడు ఇరువదియేండ్ల శిక్షయు కాగితముపై నక్షరములే. అందుచేతనే శాసనము, నేరమెఱిగిన ప్రతివాడును తెలియజేయవలయునని యాజ్ఞాపించుచున్నది. తెలుపనివానికి ఆఱు మాసముల వఱకు శిక్ష కలదు. బిడ్డ పేరు పత్రికల కెక్కరాదు. వాఙ్మూలము వీలైనంతవఱకు స్త్రీ యధికారి, సాధారణ దుస్తులలో, బిడ్డ యింటివద్దనే వ్రాసికొనవలయును. విచారణ సాధ్యమైనంతవఱకు సంవత్సరములోపల ముగియవలయును.

ఇక నా మాట. కొన్నియేండ్ల క్రిందట ఒక పెద్దమనిషి మాయింటికి వచ్చి, "వకీలుగారూ, పిల్లకు రేపు పెండ్లి కావలయును గదా, వాడును మనవాడే, రాజీ చేసి పుణ్యము కట్టుకొనుడు" అనెను. ఈ నేరమునకు రాజీ లేదంటిని. ఆయన లేచిపోయెను, మరల రాలేదు. ఆ పిల్ల యేమయ్యెనో నేనును విచారింపలేదు. రాజీకి ఒప్పుకొనలేదు గదా యని నాడు గర్వపడితిని. కక్షిదారుని రహస్యమని న్యాయస్థానమున నేను వాదింపవచ్చును. నా యంతరాత్మ యెదుట ఆ వాదము నిలువదు. నేనును మౌనముగా నుంటిని.

సోదరులారా! నాటి పెద్దలకు పరప్రభుత్వ శాసనమను సాకైన నుండెను. నేటి శాసనము మనము చేసికొన్నది. పరువను పేరిట బిడ్డ నోరు నొక్కుట యిక మనకు తగదు. మీ వీధిలో, మీ బడిలో, మీ బంధువర్గములో నొక బిడ్డ చెప్పజూచినపుడు మొదట నమ్ముడు. పిదప బాలల సహాయమునకై యున్న 1098 సంఖ్యకు గాని, రక్షకభట నిలయమునకు గాని తెలియజేయుడు. నాడు నేను చేయనిపని మీరు చేయుదురుగాక.