మా వీధి పార్కింగూ, మా ఊరి బజారూ

(న్యూజెర్సీలో జరిగిన మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద మనం ఎప్పుడూ పెద్ద విషయాలే మాట్లాడుకుంటాం. ఎన్నికల సంస్కరణలు, సాగునీరు, రాజధాని, పంచాయతీల నిధులు. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు "మా వీధిలో కార్లు పెట్టుకునే సంగతి చెప్తాను" అన్నాను. నిర్వాహకులు కాసేపు నా మొహం వైపు చూశారు, హాస్యానికి అంటున్నానేమో అని. హాస్యం కాదండీ. నేను మంచి చేస్తున్నాననుకుని చేసిన ఒక పొరపాటు గురించి చెప్పడానికి వచ్చాను.

నేను ఇక్కడే మాస్టర్స్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, రైలు స్టేషను ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాను. ఊరి పేరు చెప్పను. మీలో చాలామంది ఊళ్ళకి ఇదే కథ సరిపోతుంది. స్టేషను పక్కన బజారు వీధి ఉంది. అందులో ఒక మందుల షాపు, ఒక మంగలి షాపు, పిజ్జా కొట్టు, బట్టలు కుట్టే ఒక కొరియా ఆవిడ, మనవాళ్ళ టిఫిన్ సెంటరు ఒకటి. దానికి రెండు సందుల అవతల మా వీధి.

మా వీధిలో సగం ఇళ్ళకి డ్రైవ్‌వే లేదు. పొద్దున ఏడు కాకముందే పొరుగూళ్ళవాళ్ళు వచ్చి మా ఇళ్ళ ముందు కార్లు పెట్టి, రైలెక్కి న్యూయార్క్ వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఏడింటికి గానీ ఆ కార్లు కదిలేవి కావు. స్టేషను లాటులో డబ్బు కట్టాలి, మా వీధిలో ఊరికే దొరుకుతుంది. మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, ఇంటి ముందు చోటు లేక, మంచులో రెండు సందులు నడిచి రావడం నేను చూశాను. నాకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను.

2018లో నేనే అర్జీ రాశాను, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు, మా వీధిలో స్టిక్కరున్న ఇంటివాళ్ళ కార్లు తప్ప ఇంకెవరివీ ఆగకూడదు. ఇదీ మేం అడిగింది. కౌన్సిల్ ఒప్పుకుంది. మమ్మల్ని చూసి చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళూ అదే అడిగి తెచ్చుకున్నారు. బోర్డులు పాతిన రోజు మా వీధివాళ్ళు నాకు కేకు తెచ్చిపెట్టారు. ఈ దేశంలో అది నా మొదటి రాజకీయ విజయం.

తరవాత ఏమైందో చెప్తాను.

ఒక మంగళవారం ఇంటి నుంచి పని చేస్తూ పదకొండింటికి కిటికీ లోంచి చూశాను. ముప్ఫై కార్లు పట్టే వీధిలో ఆరు కార్లున్నాయి. మిగతా వీధంతా ఖాళీ. ఎందుకంటే మా వీధివాళ్ళం కూడా పగలు కార్లేసుకుని ఆఫీసులకి పోతాం కదా! మేం లేని వేళకే మేం చోటు రిజర్వు చేసుకున్నాం. బజారులో కొట్లు తెరిచి ఉండే వేళ కూడా సరిగ్గా అదే.

బజారు వీధిలో మీటర్లున్న స్థలాలు పాతిక కూడా ఉండవు. మధ్యాహ్నం ఇడ్లీకో, బట్టలు కుట్టించుకోడానికో వచ్చేవాళ్ళు ఇదివరకు మా సందుల్లో ఎక్కడో ఒకచోట ఆపుకునేవారు. ఇప్పుడు రెండు చుట్లు తిరిగి, విసుగొచ్చి, హైవే మీద పెద్ద పార్కింగు లాటున్న మాల్‌కి పోతున్నారు. ఒకసారి ఫైను పడ్డవాడు మళ్ళీ మా ఊరు రాడు.

టిఫిన్ సెంటరు నడిపే ఆవిడ గుంటూరు వైపు మనిషి. నేను అక్కా అని పిలుస్తాను. ఒకరోజు దోసె పళ్ళెం నా ముందు పెట్టి, "ఏం తమ్ముడూ, మీ వీధి ప్రశాంతంగా ఉందా?" అంది.

"ఉందక్కా," అన్నాను.

"మా కొట్టూ ప్రశాంతంగానే ఉంది," అంది.

నేను తలొంచుకుని తింటున్నాను. ఆవిడే మళ్ళీ అడిగింది: "ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నావంట గదా, మా కొట్టు దాకా రాలేదేం?"

"అర్జీ మీద ఆ వీధిలో కాపురముండేవాళ్ళ సంతకాలే కావాలన్నారక్కా."

"మీ వీధిలో ఎవరి కారు ఆగకపోతే ఎవరి పొట్ట మాడుతుందో వాళ్ళనేమో అడగక్కర్లేదన్నమాట," అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో విడ్డూరం వినండి. నేను ఎవరి కోసం అర్జీ పెట్టానో, ఆ పక్కింటి పెద్దావిడకి సాయం చేయడానికి వారానికి మూడు రోజులు ఒక నర్సమ్మ వచ్చేది. విజిటర్ పాసులు లెక్కపెట్టి ఇస్తారు, వాటి కోసం పగటిపూట ఆఫీసుకి వెళ్ళాలి. పాసు లేని ఒక రోజు ఆ నర్సమ్మకి టికెట్ పడింది. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి అది ఆ రోజు కూలి. మా అమ్మ ఆరు నెలలకని వచ్చినప్పుడు, ఆవిడ స్నేహితురాళ్ళు మధ్యాహ్నం పూట రావడం మానేశారు. "ఇంటికొచ్చినవాళ్ళకి కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తాంగానీ, చీటీ ఉందా అని అడుగుతామురా?" అంది అమ్మ.

అన్నిటికీ పార్కింగే కారణమని నేననను. ఆన్‌లైన్ కొనుగోళ్ళున్నాయి, అద్దెలు పెరిగాయి, 2020లో కోవిడ్ వచ్చింది. కానీ ఒకటి గమనించండి. ఏ రైలు ప్రయాణికుల కోసమైతే మేం బోర్డులు పాతించామో, ఆ ప్రయాణికులు కోవిడ్‌తో మాయమయ్యారు. ఇప్పటికీ చాలామంది వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకి వెళుతున్నారు. సమస్య సగం పోయింది, బోర్డు మాత్రం అలాగే ఉంది. బోర్డు పాతించడానికి అర్జీలుంటాయి, దాన్ని తిరిగి చూడడానికి ఎవరూ ఉండరు.

ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. వర్జీనియాలో ఆర్లింగ్టన్ కౌంటీ ఉంది, వాషింగ్టన్ నుంచి నది దాటితే వస్తుంది. అక్కడ క్రిస్టల్ సిటీ ఆఫీసులకొచ్చేవాళ్ళు పక్కనున్న ఇళ్ళ వీధుల్లో కార్లు పెట్టేవారు. పని దినాల్లో ఎనిమిది నుంచి అయిదు దాకా ఇంటివాళ్ళకీ, వాళ్ళ దగ్గరికొచ్చేవాళ్ళకీ తప్ప చోటు లేదని కౌంటీ నిబంధన పెట్టింది. అందరి పన్నులతో వేసిన రోడ్డు కొందరికేనా అని కేసు వేశారు. వర్జీనియా సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది. 1977 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగదోడి, ఊళ్ళు ఇలా చేసుకోవచ్చంది. రద్దీ, కాలుష్యం తగ్గించుకోవడం సబబైన ఉద్దేశమే అని కోర్టు అభిప్రాయం. ఈ దేశంలో పర్మిట్ వీధులన్నిటికీ ఆ తీర్పే అండ.

ఊళ్ళు చేసుకోవచ్చంది గానీ, ఇలాగే చేసుకోవాలని కోర్టు అనలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976లోనే పర్మిట్లు మొదలయ్యాయి. అక్కడ చాలా వీధుల్లో బయటివాళ్ళు రెండు గంటలు ఆపుకోవచ్చు, స్టిక్కరున్న ఇంటివాళ్ళకి ఆ పరిమితి లేదు. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పది గంటలు. రైలెక్కేవాడు కారు పెడితే ఆ చోటు రోజుకి ఒక్కడికే పనికొస్తుంది. రెండు గంటల పరిమితి పెడితే అయిదుగురికి పనికొస్తుంది. మా పద్ధతిలో, ఇంటాయన ఆఫీసుకెళ్ళాక, ఎవరికీ పనికిరాదు. రోజంతా పెట్టేవాణ్ణి ఆపడానికి, అరగంట పని మీద వచ్చేవాణ్ణి కూడా తరిమేశాం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

ఈ విషయం మీద జీవితమంతా పని చేసినాయన డొనాల్డ్ షూప్. లాస్ ఏంజిలెస్ యూసీఎల్‌ఏలో ప్రొఫెసరు, 2025లో కన్నుమూశారు. ఉచిత పార్కింగుకి ఊరు ఎంత మూల్యం చెల్లిస్తుందో వివరిస్తూ 2005లో పెద్ద పుస్తకం రాశారు. ఆయన మాటల సారాంశం ఏమిటంటే, ఏ వీధిలోనైనా వచ్చినవాడికి ఒకటి రెండు ఖాళీలు కనబడేట్టు ధర పెట్టండి, వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చు పెట్టండి. ఆయన చూపించే ఉదాహరణ కాలిఫోర్నియాలోని ఓల్డ్ పాసడీనా. పాడుబడిన బజారది. 1993లో మీటర్లు పెడతామంటే కొట్లవాళ్ళు భయపడ్డారు. ఆ డబ్బు మీ వీధికే ఖర్చు పెడతామని ఊరివాళ్ళు మాటిచ్చాక ఒప్పుకున్నారు. ఆ ఆదాయంతో కాలిబాటలు బాగుచేశారు, చెట్లు నాటారు, దీపాలు పెట్టారు. ఇప్పుడు అక్కడ జనం కిటకిటలాడతారు.

ఇంటివాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆర్లింగ్టన్‌లో మెట్రో స్టేషన్ల చుట్టూ ఎత్తైన భవనాలు కట్టనిచ్చి, వెనకనున్న పాత ఇళ్ళ వీధుల్ని అలాగే కాపాడారు. ఆ కట్టడాలని పక్కవాళ్ళు అంగీకరించడంలో, తమ వీధిలోకి కార్లు వచ్చిపడవనే భరోసాకీ కొంత పాత్ర ఉండి ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి పర్మిట్ అనేదే చెడ్డదని నేననను. ఆ ఆర్లింగ్టన్‌వాళ్ళే 2017లో కొత్త పర్మిట్ వీధులు ఆపి, కొన్నేళ్ళు సమీక్ష చేసుకున్నారు. నలభై ఏళ్ళ తరవాతైనా తిరిగి చూసుకున్నారు. మనం నేర్చుకోవలసింది అదీ.

మనలాంటివాళ్ళం ఇందులో ఎందుకు తలదూర్చాలని అడగవచ్చు. బెర్నార్డ్స్ టౌన్‌షిప్ సంగతి గుర్తు చేస్తాను. అది వీధి పార్కింగు కాదు, లాటు గొడవ. మన రాష్ట్రంలోనే అక్కడ మసీదు కట్టుకుంటామని 2012లో దరఖాస్తు పెట్టారు. చర్చిలకి ముగ్గురికి ఒక కారు లెక్కన సరిపోయేది, ఆ లెక్కన యాభై స్థలాలు చాలు. వాళ్ళని మాత్రం 107 కావాలన్నారు. 2016 చివరిరోజున ఫెడరల్ జడ్జి ఆ వివక్ష చెల్లదని తీర్పిచ్చారు. 2017లో టౌన్‌షిప్ 32 లక్షల 50 వేల డాలర్లకి రాజీ చేసుకుంది. "మీరు వద్దు" అనడం మర్యాద కాదు గనక, కొన్నిసార్లు "పార్కింగ్ చాలదు" అంటారు. రేపు మన గుడికీ, మన బడికీ ఇదే మాట రావచ్చు. మరి మనమే ఆ మాట అడ్డం పెట్టుకుని ఇంకొకర్ని బయట ఉంచితే, ఆ రోజున ఏ మొహంతో అడుగుతాం?

ఇదే వేదిక మీద నేను 74వ రాజ్యాంగ సవరణ గురించి మాట్లాడాను. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని, అధికారం వీధి దాకా రావాలని వాదించాను. చప్పట్లు కొట్టారు. అప్పటికి మా ఊరి కౌన్సిల్ ఏ వారం కూర్చుంటుందో, నా అర్జీ పని తప్ప, నాకు తెలియదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎక్కడో ఉన్న స్థానిక స్వపరిపాలన గురించి మాట్లాడుతూ, ఇంటి ముందున్నదాన్ని వదిలేశాం. నేను ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. అధికారం వీధి దాకా వస్తే సరిపోదు. వీధి చివరి ఇంటితో ఊరు ఆగిపోదు గదా. నా అర్జీ నూటికి నూరుపాళ్ళు ప్రజాస్వామ్యమే, కానీ నష్టపోయేవాళ్ళెవరికీ అందులో సంతకం పెట్టే చోటు లేదు.

"మాకు ఓటు లేదు, హెచ్-1 మీద ఉన్నాం" అంటారు కొందరు. న్యూజెర్సీలో 1975 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం మునిసిపల్ సమావేశంలో ప్రజలు మాట్లాడడానికి సమయం ఇచ్చి తీరాలి. మైకు దగ్గర ఎవరూ వీసా అడగరు. ఆర్డినెన్సు ఏదైనా ముందు ప్రవేశపెట్టి, ప్రకటించి, ఆమోదించే ముందు బహిరంగ విచారణ జరపాలి. ఆ రోజు హాల్లో పదిమంది ఉంటే ఎక్కువ. మీరు అయిదుగురు వెళితే సభలో మూడో వంతు మీరే.

నేను మళ్ళీ అర్జీ రాశాను. మా అయిదు వీధుల్లో ఇంటివాళ్ళ స్టిక్కర్లు అలాగే ఉంటాయి. బయటివాళ్ళకి రెండు గంటలు ఇవ్వాలి. వృద్ధులని చూసుకోడానికి వచ్చేవాళ్ళకి విడిగా ఏడాది పాసు ఇవ్వాలి. కొట్లలో పనిచేసేవాళ్ళకి పగటిపూట కొన్ని స్థలాలు డబ్బుకి ఇచ్చి, ఆ డబ్బుతో మా కాలిబాటలు బాగుచేయాలి. ప్రతి మూడేళ్ళకీ అన్నీ తిరిగి చూడాలి. ఈసారి మొదటి సంతకం టిఫిన్ సెంటరు అక్కది. రెండోది మా పక్కింటి పెద్దావిడది. అప్పుడు కేకు తెచ్చినవాళ్ళలో ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళని రెచ్చగొట్టింది నేనేగా.

మన పల్లెల్లో ఇంటి అరుగు ఇంటివాళ్ళదే. అయినా దారిన పోయేవాడు కాసేపు కూర్చుంటే లేవమనేవాళ్ళు కాదు. అక్కడే పడుకుని కాపురం పెడతానంటే ఊరుకునేవాళ్ళూ కాదు. రెండు గంటల పరిమితి అంటే నాకు అదే గుర్తొస్తుంది.

మీ ఊరికి వెళ్ళాక, వచ్చేవారం ఒక పని రోజున పదకొండింటికి మీ బజారు చుట్టూ నడవండి. ఖాళీ స్థలాలెన్ని, ఖాళీ కొట్లెన్ని, రెండూ లెక్కపెట్టండి. ఆ కాగితం పట్టుకుని కౌన్సిల్‌కి వెళ్ళండి. వచ్చే నెల మా ఊళ్ళో విచారణ ఉంది, దగ్గర్లో ఉన్నవాళ్ళు రండి. కారు ఎక్కడ పెట్టాలని మాత్రం అడక్కండి, సాయంత్రం ఆరు దాటాక మా వీధిలో ఎవరైనా పెట్టుకోవచ్చు.