ఋణము గొన్న భాష బీదపడదు
(సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



"పిల్లలు ఇంటిలో సైతము కన్నడమే పలుకుచున్నారు, ఇక మన తెలుగు ఏమగును?" అని మన పెద్దలు పలువురు మాతో వాపోవుచున్నారు. ఆ బాధ మాకును గలదు. అయినను వర్తకులము గనుక, భయపడుటకు ముందు పద్దు సరిచూచుట మా అలవాటు.

జపానీయులకు పూర్వము సొంత లిపి లేదు. కొరియా మీదుగా వచ్చిన చీనా లిపిని గ్రహించిరి. 712లో ముగిసిన 'కొజికి' గ్రంథము చీనా అక్షరములతోనే వ్రాయబడినది. బౌద్ధమును వారికి చీనా అనువాదముల ద్వారానే చేరినది. 804లో కూకయి అను భిక్షువు చీనాకేగి ధర్మగ్రంథములు తెచ్చెను. మన 'ధ్యాన' శబ్దము చీనాలో 'చాన్' అయి, జపానులో 'జెన్' అయినది. ఇంత ఋణము గొన్నను వారి భాష చీనా భాష కాలేదు. వాక్యము చివర క్రియ నుంచు పద్ధతిని, మనవలెనే, వారు విడువలేదు. చీనా అక్షరములనే సులువు చేసి 'కానా' లిపి కల్పించుకొనిరి. 11వ శతాబ్ది ఆరంభమున మురసాకి షికిబు అను విదుషి 'గెంజి' కథను ఇంటిభాషలోనే రచించెను.

మన సంగతియు నిట్టిదే. తెలుగు కన్నడములు చిరకాలము ఒక్క లిపినే పంచుకొన్నవి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో కరీంనగరు సీమలోని కురిక్యాల శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు పద్యములను చెక్కించెను. కన్నడదేశమున 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు చాటిన భక్తిమార్గమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణముగా పాడెను. ఆ తెలుగు గ్రంథమునే 1369లో భీమకవి కన్నడమున రచించెను. కొన్న ఋణమును మనము వడ్డితో తీర్చితిమి! ఈ ఊరి బళ్ళారి రాఘవ రెండు భాషలలోను నటించి మెప్పు పొందెను. అందువలన ఆయన తెలుగు తరుగలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరెను. బళ్ళారి మైసూరున చేరెను. గీత మారినది, ఇరుగుపొరుగు మారలేదు. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలెను. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది; దానిని వినయముగా, విడువక అడుగుదము.

అయితే సర్కారు చేయలేని పని యొకటి కలదు. దుకాణపు పద్దు కన్నడమున వ్రాయుట లోపము కాదు. తాతగారు తెలుగున వ్రాసిన ఉత్తరము పెట్టెలో నుండగా, దానిని చదువువా రింట లేకపోవుట లోపము. ఆ లోపము మనదే. కన్నడాక్షరములు వచ్చిన బిడ్డకు తెలుగక్షరములు నేర్పుట కష్టము గాదు. పెక్కింటికి తలకట్టు భేదమే. ప్రతి యింట రాత్రి భోజనానంతరము అరగంట కూర్చుండి, ఆ పెట్టె తెరచి, ఆ ఉత్తరముతోనే పాఠ మారంభింపుడు.

ఇరుగుపొరుగున అప్పు గొన్నంత మాత్రమున ఎవ్వరును చెడరు. ఇంటి మూలధనమును లెక్క చూడక విడిచినవారే చెడుదురు.