పడుకునే ఇంట్లో ఆ బిళ్ళలు వద్దు
(పొందూరులో రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొందూరు అంటే బయటివాళ్లకు సన్న ఖద్దరు గుర్తొస్తుంది. మనకు మాత్రం కోతలు అవగానే గింజల బెంగ మొదలవుతుంది. ధాన్యం అమ్ముడుపోయేదాకా ఎక్కడ పెట్టాలి? తిండిగింజలకు, మినుములకు, పెసలకు పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి? అప్పుడు చాలామందిమి కొట్టుకెళ్లి ‘గింజల్లో పెట్టే బిళ్ళలు’ అడుగుతాం.

ఆ బిళ్ళ అసలు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. పురుగును చంపేది అదే. 3 గ్రాముల బిళ్ళ సుమారు 1 గ్రాము వాయువు వదులుతుంది. తలుపు సందుల్లోంచి పక్కగదికి పాకిపోతుంది. బస్తాలోని పురుగుకీ చాప మీద పడుకున్న పిల్లకీ తేడా దానికి తెలీదు. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తుంది గానీ, ఆ వాసన రాలేదని ధీమా పడకండి. ప్రమాదం ముదిరినా కొందరికి వాసన తెలియదు. దీనికి విరుగుడు మందు లేదు.

అందుకే ప్రభుత్వ సంస్థలు, పెస్ట్ కంట్రోల్ వాళ్లు మాత్రమే, అదీ నిపుణుల పర్యవేక్షణలోనే దీన్ని వాడాలని నిబంధన ఉంది. ఈ బిళ్ళలు 10, 20 చొప్పున ఉండే గొట్టాలను కేంద్రం 2001లోనే నిషేధించింది. మరి కొట్టులో నాలుగు బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తే, ఆ కాగితం మీద హెచ్చరిక ఏముంటుంది?

గోదాముల్లో బస్తాల మీద గాలి చొరని కవరు కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేర్చి, కొన్ని రోజులు మూసి ఉంచుతారు. తర్వాత గాలి ఆడనిచ్చి, ముఖానికి తగిన మాస్కు ఉన్నవాళ్లే తెరుస్తారు. మన పురికీ గాదెకీ అంత బిగువు ఎక్కడిది? వాయువు బయటికి పోయి పురుగు సగమే చస్తుంది, ముప్పు మాత్రం ఇంటిల్లిపాదికీ.

ఇప్పటికే ఇంట్లో బిళ్ళలుంటే వాటి మీద నీళ్లు పోయకండి, మంట పుట్టొచ్చు. చెరువులోనో పొయ్యిలోనో వెయ్యకండి. డబ్బా తెరవకుండా, మనుషులు పడుకోని పొడి చోట తాళం వేసి, వ్యవసాయ అధికారికి చెప్పండి. ఎవరికైనా వాంతులు, ఆయాసం, గుండెదడ వస్తే బయటి గాలికి చేర్చి 108కి ఫోన్ చెయ్యండి. మందు పేరు డాక్టరుకు చెప్పడం మరవకండి.

పురుగుకి అసలు మందు ఎండే. కొనుగోలు కేంద్రం 17 శాతం తేమ దాకా ధాన్యం తీసుకుంటుంది. ఆ తేమతో ఇంట్లో పెడితే పురుగూ బూజూ రెండూ వస్తాయి. నిల్వకు 12, 13 శాతం దాటకూడదు, పప్పుగింజలు ఇంకా ఎండాలి. గాలి చొరని ప్లాస్టిక్ పొరల సంచులు కూడా వచ్చాయి. వాటిలో పురుగు ఊపిరాడక చస్తుంది, మందు అక్కర్లేదు.

కొనుగోళ్లు ఆలస్యమైనకొద్దీ గింజ మన ఇంట్లోనే ఉంటుంది, బిళ్ళ మీద ఆశా పెరుగుతుంది. అందుకే కొనుగోళ్లు వేళకు జరపాలనీ, విడి బిళ్ళల అమ్మకం ఆపాలనీ, తేమ మీటర్లూ ఆ సంచులూ రైతు సేవా కేంద్రాల్లో అందుబాటులో ఉంచాలనీ అర్జీ రాశాం. సంతకాలు ఇప్పుడే, ఇక్కడే తీసుకుంటాం.